బొమ్మలకు కూడా ప్రూఫు చూడండి: తెలుగు పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు అచ్చువేస్తున్న పెద్దలందరికీ నమస్కారం.

నేను తెనాలి దగ్గర ఒక ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఒకటి, రెండు తరగతులు నావి. రెండూ కలిపి 23 మంది, ఒకే గది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం ఈ చిన్న తరగతుల్లోనే గడిచింది. కథలు రాయడం నాకు రాదు. బొమ్మలు వేయడం అంతకన్నా రాదు. బోర్డు మీద ఆవును వేస్తే పిల్లలు కాసేపు తల పక్కకు వాల్చి చూసి "మేకా టీచర్?" అంటారు. అయినా ఈ ఉత్తరం రాసే ధైర్యం ఎక్కడిదంటే, మీరు వేసిన పుస్తకాలను మీకన్నా ఎక్కువసార్లు చదివినదాన్ని నేను. మీరు అచ్చుకు పంపే ముందు రెండుసార్లో మూడుసార్లో చూసి ఉంటారు. మా గదిలో ఒక పుస్తకం పిల్లలకు నచ్చిందంటే ఆ ఏడాది యాభైసార్లు చదవాలి. యాభై ఒకటోసారి నేను ఒక్క మాట మార్చినా ఊరుకోరు.

సంగతేమిటంటే, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి మా క్లాసు కోసం పదకొండు పుస్తకాలు కొన్నాను. అందులో ఒకటి, ఒక పిల్లాడు నాయనమ్మతో ఎడ్లబండి మీద సంతకు వెళ్లే కథ. ఏ స్టాల్లో కొన్నానో, ఎవరు వేశారో ఇక్కడ రాయను. ఇలాంటివి ఇంకా మూడు నాలుగు చోట్ల చూశాను కాబట్టి వాళ్లొక్కరినే నిలబెట్టి అడగడం న్యాయం కాదు. అట్ట తళతళలాడుతోంది. లోపల ఆర్ట్ పేపరు, కళ్లు చెదిరే రంగులు. స్టాలు దగ్గర నిలబడే మాటలు చదివాను, బాగున్నాయి. బొమ్మలు కూడా చూశాననే అనుకున్నాను.

సోమవారం క్లాసులో పుస్తకం తెరిచి, పేజీ పిల్లలవైపు తిప్పి చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీ తిప్పానో లేదో రెండో వరుసలో కూర్చునే చిన్నది లేచి నిలబడింది.

"టీచర్, ఆ పిల్లోడేడి?"

"ఇడుగో, బండి మీద ఉన్నాడుగా."

"ఈడు కాదు. ఇందాకటోడు."

వెనక్కి తిప్పి చూశాను. ఇందాకటోడికి పక్కపాపిడి, గళ్ల చొక్కా, ముందుపన్ను ఒకటి ఊడి ఉంది. ఈ పేజీలోవాడికి ఉంగరాల జుట్టు, చారల చొక్కా. పళ్లన్నీ ఉన్నాయి. ఒక పేజీ తిప్పేసరికి వయసు రెండేళ్లు పెరిగింది. తర్వాతి పేజీలో ఇంకొకడు.

ఇక పుస్తకం నా చేతిలో లేదు. అందరూ మీదికి వచ్చేశారు. మొదటి పేజీలో ఎడమ భుజం మీదున్న నాయనమ్మ పైట మూడో పేజీకి కుడి భుజం మీదికి వచ్చింది. ఎడ్లు రెండూ బండి ముందు ఊరికే నడుస్తున్నాయి, మెడ మీద కాడి లేదు. మా పిల్లల ఇళ్లలో ఇప్పుడు ఎడ్లెక్కడున్నాయి, అన్నీ ట్రాక్టర్లే. అయినా ఒకడు అడిగాడు, "కాడి లేకుండా బండి ఎట్టా కదులుద్ది టీచర్, ఎనక నించి నెడతన్నారా?" అని. సంతలో కూరగాయలమ్మే ఆవిడ చేతికి ఆరు వేళ్లు. ఆ ఆరో వేలు దొరికాక క్లాసులో పండగే. కథ ఎటుపోయిందో ఎవరికీ పట్టలేదు. నాయనమ్మ సంతలో ఏం కొన్నదో తెలియకుండానే ఆ రోజు బెల్లు కొట్టేశారు.

కంప్యూటరుకు నాలుగు మాటలు టైపు చేసి తెప్పించిన బొమ్మలవి. చేత్తో వేశారా, కంప్యూటరుతో వేశారా అన్న గొడవలోకి నేను వెళ్లను. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. అదే పుస్తకంలో అక్షరం తప్పు ఒక్కటి లేదు. ఎక్కడా 'ళ' ఉండాల్సిన చోట 'ల' పడలేదు, ఒత్తు ఊడలేదు. అంటే ఎవరో ఒకరు కళ్లజోడు పెట్టుకుని కూర్చుని మాటలకు ప్రూఫు చూశారు. బొమ్మలకు చూడలేదు. బొమ్మకు ప్రూఫు చూడాలన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

మనం పెద్దవాళ్లం. పుస్తకం తెరవగానే కళ్లు అక్షరాల మీదికి పోతాయి. బొమ్మను ఒక చూపు చూసి, బాగుందనుకుని, పేజీ తిప్పేస్తాం. ఆరేళ్ల పిల్లకు అక్షరాలు ఇంకా చీమలబారే. నేను చదువుతుంటే చెవులు నాకు అప్పగించి కళ్లు బొమ్మకు అప్పగిస్తుంది. ఒక పేజీ చదవడానికి నాకు పట్టే పావు నిమిషంలో ఆ పిల్ల చూరు కింద వేలాడే ఉట్టి దగ్గర నుంచి గుమ్మం ముందు చెప్పుల దాకా ఇల్లంతా తిరిగి వస్తుంది. ఆ చెప్పులు రెండూ ఎడమ కాలివే అయితే ఆ సంగతి మీకన్నా నాకన్నా ముందు ఆ పిల్లకే తెలుస్తుంది.

మా అల్మరాలో అట్ట ఊడిపోయి సెలోటేపు మీద బతుకుతున్న పుస్తకం ఒకటుంది. ఒక ఇంట్లో ఆవకాయ పెట్టడం, అంతే కథ. పేజీకి ఒకటో రెండో వాక్యాలు. ఆ మాటల్లో ఎక్కడా చీమ ప్రస్తావన లేదు. బొమ్మల్లో మాత్రం ప్రతి పేజీలో ఒక చీమ ఉంటుంది. కత్తిపీట చెక్క మీద, జాడీ మూత అంచున, ఆరేసిన చీర కొంగు మీద. బొమ్మలు వేసినవాళ్లెవరో గానీ ఎవరికీ చెప్పకుండా ఆ చీమను వదిలిపెట్టారు. మొదటి రెండుసార్లు నాకు కనిపించనే లేదు. పిల్లలకు మొదటిరోజే కనిపించింది.

దాని మీద ఒకరోజు పెద్ద గొడవైంది. ఉన్నది ఒకటే చీమా, పేజీకో చీమా? పేజీకో చీమ అనే జట్టు గట్టిగానే వాదించింది. ఒకటే అయితే ఈ పేజీలో గోడ మీద ఉన్నది, ఆ పేజీలో జాడీ మీదికి ఎప్పుడొచ్చింది, మేమెవరం చూడలేదే అన్నారు. అవతలి జట్టులో ఒకడు వచ్చి, పేజీ అంచు పట్టుకుని సగం పైకెత్తి చూపించాడు. "ఇక్కడ. మనం తిప్పేటప్పుడు నడిచింది."

బొమ్మల పుస్తకం ఎలా పనిచేస్తుందో ఏ ట్రైనింగులోనూ నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. రెండు బొమ్మల మధ్య జరిగేదంతా పిల్లల బుర్రలోనే జరుగుతుంది. అది జరగాలంటే ఈ పేజీలో చీమా, ఆ పేజీలో చీమా ఒకటేనన్న నమ్మకం కుదరాలి. చీమ విషయంలో కుదిరిన నమ్మకం సంతకెళ్లే పిల్లాడి దగ్గర కుదరలేదు. చేయి తిరిగిన చిత్రకారులు కథ మొదలుపెట్టకముందే ఆ పిల్లాణ్ని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వుతూ, ఏడుస్తూ ఒక కాగితం నిండా వేసి ఎదురుగా పెట్టుకుంటారు. ఆ కాగితం అచ్చుకు రాదు. కానీ అది లేని పుస్తకాన్ని ఒకటో తరగతి పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్ను తోలుబొమ్మలాటకు తీసుకెళ్లేది. జుట్టుపోలిగాడు తెర మీదికి వచ్చాడంటే ఎక్కడో వెనక, చింతచెట్టు కింద కూర్చున్నవాళ్లకు కూడా వాడేనని తెలిసిపోయేది. బంగారక్కను చూసి ఇంకెవరో అనుకున్నవాళ్లు లేరు. తోలు మీద చెక్కిన మనిషి తెల్లవార్లూ అదే మనిషి. తెలంగాణలో చేర్యాల నకాషీ వాళ్లు వేసే పటాలు చూడండి. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద గజాల పొడవున వేసిన కథ. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు వచ్చి ఆ పటం కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ చూపిస్తూ కథ చెప్తారు. తర్వాతి బొమ్మ చుట్టలోంచి బయటికి వచ్చేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మా వాడు చీమ నడిచిందని చూపించిన చోటు అదే కదా. బొమ్మతో కథ చెప్పడం మనకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదని చెప్పడానికే ఇదంతా. అలాగని ప్రతి పుస్తకంలోనూ చేర్యాల బొమ్మలు అతికించమని అడగడం లేదు. ఆ మధ్య ఒక పుస్తకంలో కథంతా ఒక రకం బొమ్మలు, చుట్టూ అంచుకు మాత్రం చేర్యాల పూలు వేశారు. పెళ్లి శుభలేఖ లాగా ఉంది.

ఇంకో సంగతి. చాలా పుస్తకాల్లో మాట ఏం చెప్తుందో బొమ్మ కూడా అదే చెప్తోంది. "ఎర్రగౌను వేసుకున్న పాప మామిడిచెట్టు కింద నవ్వుతూ నిలబడింది" అని కింద రాసి, పైన ఎర్రగౌను, మామిడిచెట్టు, నవ్వు వేస్తారు. రెంటిలో ఒకటి దండగ. నేను చదవకముందే పిల్లలు ఆ వాక్యం చెప్పేస్తారు, తర్వాత నేను చదువుతుంటే పక్కవాణ్ని గిల్లుతారు. "తాతకు రాత్రంతా నిద్రే పట్టలేదట" అని కింద రాసి, పైన తాత నోరు తెరిచి గురక పెడుతున్న బొమ్మ వేసి చూడండి. కథ చెప్పేవాళ్ల అబద్ధాన్ని పట్టుకున్నామని పిల్లలు ఎగిరి గంతేస్తారు. అలాంటి పుస్తకం మా దగ్గర ఒక్కటే ఉంది. దాని కోసం రోజూ తన్నుకుంటారు. రచయితలు మీ దగ్గరికి కథ తెచ్చినప్పుడు, బొమ్మ చెప్పగలిగిన మాటలన్నీ కొట్టేసి చూడమని వాళ్లను అడగండి. నొచ్చుకుంటారు, నిజమే. రచయితలు ఎందుకో ఒక విశేషణం కూడా వదులుకోరు.

అక్షరాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లల పుస్తకంలో అక్షరం కూడా బొమ్మే. ఇప్పుడు బొమ్మల పుస్తకాలు చాలావరకు వేరే భాషలో ముందు తయారై తర్వాత తెలుగులోకి వస్తున్నాయి. ఇంగ్లీషుకో హిందీకో సరిపడా జాగా బొమ్మలో వదులుతారు. అదే జాగాలో తెలుగును కూర్చోబెట్టాలి. తెలుగుకు కింద ఒత్తులున్నాయి, పైన గుడులున్నాయి. వరుసల మధ్య ఎక్కువ చోటు కావాలి. చోటు లేదు కాబట్టి అక్షరం సైజు తగ్గిస్తారు, వరుసలు దగ్గరికి నెడతారు. పై వరుసలో 'స్త్రీ' కింది ఒత్తు వచ్చి కింది వరుసలో 'కి' గుడి మీద కూర్చుంటుంది. మనకు అలవాటు కాబట్టి చదివేస్తాం. మా పిల్లలు ఆ రెండూ కలిసి ఏదో కొత్త అక్షరమనుకుని నన్ను అడుగుతారు.

'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు అంటడం అంటకపోవడమేనని నేర్పడానికి నాకు రెండు వారాలు పడుతుంది. మీ పుస్తకం అట్ట మీద సినిమా టైటిల్ లాంటి ఫాంటులో తలకట్టు ఎక్కడుందో నాకే తెలియదు. ఇక మాటను సగంలో విరిచి కింది వరుసలో వేయడం ఒకటి. "పాప పరిగెత్తు" అని ఒక వరుస, "కుంటూ వచ్చింది" అని రెండో వరుస. మా రెండో తరగతి వాడు మొదటి వరుస చదివి, పాపను ఎవరో పరిగెత్తమంటున్నారని అనుకున్నాడు. కింది వరుస చదివి, పాప పాపం కుంటుకుంటూ వచ్చిందన్నాడు. వాడి తప్పేముంది? ముదురు నీలం ఆకాశం మీద తెల్ల అక్షరాలు వేసేటప్పుడు కూడా ఒకసారి ఆలోచించండి. ప్రెస్సులో రంగులు ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, సన్నటి ఒత్తులు నీలంలో మునిగిపోతాయి. పుస్తకం మధ్య మడతలో పిల్ల మొహం పడకుండా చూడమని కూడా చెప్పాలా అనుకున్నాను గానీ, పడ్డ పుస్తకాలు రెండు నా బల్ల మీదే ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను.

నాకు ఊహ తెలిసేసరికి మా ఇంట్లో రష్యన్ బొమ్మల పుస్తకాలు ఉండేవి. మా నాన్న విశాలాంధ్ర వాళ్ల దగ్గర కొన్నవి. మాస్కోలోనే ఉప్పల లక్ష్మణరావు గారి వంటివాళ్లు తెలుగు చేసి, అక్కడే అచ్చువేయించి పంపినవి. వాటి నిండా మంచు, బూర్జ చెట్లు, ఎలుగుబంట్లు. ఆ మంచును చూసి నాకు ఏనాడూ పరాయిగా అనిపించలేదు. ఆ కథ అక్కడిది, ఆ మంచు దానిది. ఇప్పుడు మా జిల్లా రైతు కథలో ఇంటికి పొగగొట్టం, వాకిట్లో ఆపిల్ చెట్టు కనిపిస్తుంటే పరాయిగా ఉంది. ఉచితంగా దొరికే బొమ్మలు తెచ్చి అతికిస్తే అలాగే ఉంటుంది. అమ్మ అనగానే తెల్లటి ఒళ్లు, సన్నటి నడుము. పొలం పనికి పోయేవాళ్ల పిల్లలు మా క్లాసులో సగానికి పైగా. వాళ్ల అమ్మ రంగులో ఉన్న అమ్మ మా అల్మరాలో ఎన్ని పుస్తకాల్లో ఉందో ఒక మధ్యాహ్నం కూర్చుని లెక్కపెట్టాను. 140 పుస్తకాల్లో తొమ్మిది. ఆ తొమ్మిదిలో నాలుగింట్లో ఆవిడ పనిమనిషి.

పేర్ల సంగతికి వస్తాను. సంతకెళ్లిన పుస్తకంలో రచయిత పేరు అట్ట మీద ఉంది, వెనక ఆయన ఫొటో ఉంది. లోపల డీటీపీ చేసినవాళ్ల పేరు, ప్రెస్సు పేరు, ముందుమాట రాసిన పెద్దాయన పేరు ఉన్నాయి. బొమ్మలెవరివో లేదు. ఆ పుస్తకానికి లేకపోవడంలో అర్థముంది, వేసిన మనిషి లేడు కాబట్టి. ఆవకాయ పుస్తకానికి ఏమైంది? అట్ట ఊడింది కాబట్టి పోయిందనుకుని ఇంకో కాపీ సంపాదించి చూశాను. దాంట్లోనూ లేదు. చీమను అంత ఓపిగ్గా పదహారు పేజీలు నడిపించిన మనిషి ఆడో మగో కూడా నేను పిల్లలకు చెప్పలేకపోతున్నాను.

మా తెనాలివాడైన చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. అందులో చాలా కథలకు రాసినవాళ్ల పేరు ఉండేది కాదు. బొమ్మ మూలన సంతకం మాత్రం ఉండేది. అందుకే ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గార్ల పేర్లు ఇంటింటికీ తెలుసు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడు అనగానే కళ్లముందుకొచ్చేది శంకర్ గారి గీతే. ఆయన 2020లో పోతే తెలుగు పత్రికలన్నీ రాశాయి. మరుసటి ఏడాది పద్మశ్రీ కూడా ఇచ్చారు. బాపు గారి గీతకు ఊళ్లలో పేరు అక్కర్లేదు, గీతే పేరు. వాళ్లను తలుచుకుని ఆ రోజులే వేరని నిట్టూర్చడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడూ బాగా వేసేవాళ్లున్నారు. వాళ్ల పేరు అచ్చువేయని అలవాటు మాత్రం కొత్తది, దాన్ని తెచ్చింది మీరే.

తూలికా, ప్రథమ్ బుక్స్ వంటి పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు రచయిత పేరుతో పాటు చిత్రకారుల పేరు కూడా అట్ట మీదే వేస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో బొమ్మలు ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. ఎవరు వేశారో చెప్పాలన్నది షరతు. డబ్బు అడగని బొమ్మకు పేరైనా ఇవ్వకపోతే ఎట్లా? మా క్లాసులో నేను పుస్తకం మొదలుపెట్టే ముందు "రాసిందీ ఫలానా, బొమ్మలు వేసిందీ ఫలానా" అని చదువుతాను. మొదట్లో పిల్లలు పట్టించుకోలేదు. అక్టోబరు వచ్చేసరికి ఒక పిల్ల కొత్త పుస్తకం అట్ట చూసి, "ఈమే కదా టీచర్ చేపల పుస్తకం కూడా వేసింది, కళ్లు ఒకేలాగున్నయ్" అంది. తెరిచి చూస్తే నిజంగానే ఆమే. ఆ పిల్లకు అప్పటికి గుణింతం పూర్తిగా రాదు.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. నాలుగు రంగుల్లో వేయాలంటే ఎంత ఖర్చో, వెయ్యి కాపీలు అమ్మడానికి మూడేళ్లు ఎలా పడుతుందో మీలో ఒకరు పుస్తక మహోత్సవంలోనే టీ తాగుతూ నాకు లెక్క కట్టి చూపించారు. ఆ లెక్కలో బొమ్మలు వేసినవారి భాగం కాగితం ఖర్చులో పదో వంతు కూడా లేదు. అది అడిగితే నవ్వి ఊరుకున్నారు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల వరకు. మేము ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. కాబట్టి కొనేవాళ్లం లేమని అనకండి, మంచి పుస్తకం కోసం మేమూ వెతుక్కుంటున్నాం. రంగులకు డబ్బు చాలకపోతే నలుపు గీతతో వేయండి. మా ఆవకాయ పుస్తకంలో ఉన్నవి రెండే రంగులు, నలుపూ ఎరుపూ. ఆవకాయకు ఇంకేం కావాలి? ఆర్ట్ పేపరు కూడా వద్దు. ట్యూబులైటు కింద అది మెరిసి, వెనక వరుసవాళ్లకు బొమ్మకు బదులు లైటు కనిపిస్తుంది.

చివరి పేజీలో "నీతి" అని గడి కట్టి వేయడం ఆపితే ఇంకో పూర్తి పేజీ బొమ్మకు చోటు మిగులుతుంది. ఆ గడి నేను చదవను. అరచెయ్యి అడ్డం పెట్టి పుస్తకం మూసేస్తాను.

నేను అడిగేది పెద్ద పని కాదు. అచ్చుకు పంపే ముందు డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారు చేస్తారు కదా, అది పట్టుకుని మీకు దగ్గరలో ఉన్న ఏదో ఒక బడికి వెళ్లండి. ఒకటో తరగతిలో కింద కూర్చోండి. మాటలు చదవకండి. బొమ్మలు మాత్రం చూపిస్తూ పేజీలు తిప్పండి. ఎక్కడ "ఆ పిల్లోడేడి" అన్నారో, ఎక్కడ వెనక్కి తిప్పమన్నారో, ఎక్కడ పక్కవాణ్ని గిల్లారో డమ్మీ మీదే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. గంట పని. రచయితను, బొమ్మలు వేసినవాళ్లను ఇద్దరినీ తీసుకెళ్తే ఇంకా మంచిది, కుదిరితే పక్కపక్కనే కూర్చోబెట్టండి. చాలా పుస్తకాల్లో వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదని బొమ్మ చూస్తేనే తెలిసిపోతోంది. మా బడికి వస్తానన్నా సంతోషమే. మధ్యాహ్న భోజనం తర్వాత మాత్రం రాకండి, సగం మంది నిద్రపోతుంటారు.

సంతకెళ్లిన పుస్తకం ఏమైందో చెప్పి ముగిస్తాను. తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను గానీ పిల్లలు ఇవ్వనివ్వలేదు. మా గదిలో దానికి "తప్పుల పుస్తకం" అని పేరొచ్చింది. శనివారం ఆఖరి పీరియడ్‌లో దాన్ని తీసి తప్పులు వెతకడం ఒక ఆట. దొరికినవాళ్లు బోర్డు మీద ఒక గీత గీయాలి. పద్నాలుగు గీతలయ్యాయి. మొన్న పదిహేనోది దొరికింది. వెళ్లేటప్పుడు బండికి రెండు ఎడ్లు, తిరిగొచ్చేటప్పుడు మూడు. నేను గీత గీయమని సుద్దముక్క ఇవ్వబోతుంటే రెండో వరుస చిన్నది అడ్డం వచ్చింది. కథ ప్రకారం నాయనమ్మ సంతలో కొన్నది బెల్లం, గాజులు.

"ఇది తప్పు కాదు టీచర్," అంది. "ఎద్దును కూడా కొనుంటది."

ఇట్లు,
తెనాలి దగ్గరి ఒక ఒకటో తరగతి టీచర్